నాడా నోటీసు వస్తే ఏం చేయాలి: ఒక పీడీ సారు అనుభవం

నాడా అంటే ఆటగాళ్ళు నిషేధిత మందులు వాడారేమో పరీక్షించే మన జాతీయ సంస్థ. ముందు నా తప్పు చెప్పుకుంటాను, సలహాలు తర్వాత.

మూడేళ్ళ కిందట మా లాంగ్ జంప్ పిల్లను తీసుకుని ఒక మీట్‌కు వెళ్ళాను. బయల్దేరే రోజు పొద్దున పిల్లకు జ్వరం, ఒళ్ళు నొప్పులు. వాళ్ళ నాన్న ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అలవాటు కొద్దీ రెండు సూదులు పొడిచాడు. సాయంత్రానికి పిల్ల తేరుకుంది, మేం రైలెక్కాం. ఎల్లుండి పోటీలో రెండో స్థానం వచ్చింది. మెడల్ ఇంకా మెడలో ఉండగానే ఒకామె వచ్చి, డోప్ టెస్టుకు రావాలని చెప్పి సంతకం చేయించుకుంది. శాంపిల్ ఇచ్చాక నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది, గడిచిన 7 రోజుల్లో ఏమేం మందులు వాడారో రాయమని. పిల్ల పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. "సార్, సూది సంగతి రాయాలా?" అని అడిగింది. "ఎందుకులేమ్మా, జ్వరం సూదేగా. లేనిపోని అనుమానాలు" అన్నాను.

ఆ రెండు సూదుల్లో ఒకటి డెక్సామెథసోన్, పోటీ సమయంలో నిషేధం ఉన్న స్టెరాయిడ్. పిల్లకు 14 నెలల నిషేధం పడింది.

ఆ 14 నెలల్లో నేను చదివినన్ని రూల్సు బీపీఈడీలో కూడా చదవలేదు. ఇది నిజానికి లాయర్ రాయాల్సిన వ్యాసం. కానీ మా పిల్లలకు ఈ పని తెలిసిన లాయర్ దొరికేలోపే సగం గడువులు దాటిపోతున్నాయి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. లెక్కలు చూసినా భయమే. 2023లో 5,000కు పైగా శాంపిళ్ళు పరీక్షించిన దేశాలన్నిట్లో పాజిటివ్ శాతం ఎక్కువ మనదే: 5,606 శాంపిళ్ళలో 213. వాళ్ళలో కావాలని చేసినవాళ్ళు ఉన్నారు, నేనేం కాదనను. అలాంటివాళ్ళ కోసం ఇది రాయడం లేదు.

జబ్బు చేస్తే

అసలు కేసు ఇక్కడే మొదలవుతుంది, ఇక్కడే ఆపొచ్చు కూడా.

ప్రపంచమంతటికీ డోపింగ్ రూల్సు పెట్టే సంస్థ వాడా. దాని రూల్సులో అన్నిటికన్నా గట్టిది ఒకటుంది: మీ ఒంట్లో ఏం దొరికినా బాధ్యత మీదే. డాక్టరు ఇచ్చాడు, అమ్మ ఇచ్చింది, కోచ్ ఇచ్చాడు అన్నవి తర్వాత శిక్ష తగ్గించుకోవడానికి పనికొస్తాయేమో గానీ, తప్పు జరగలేదని చెప్పడానికి పనికిరావు.

మన ఊళ్ళలో ప్రమాదమంతా నాలుగు చోట్ల ఉంటుంది. మొదటిది దగ్గు మందు. టెర్బుటలిన్ అనే మందు చాలా సిరప్‌లలో ఉంటుంది. 2019లో పృథ్వీ షాకు 8 నెలలు, అంతకు ముందు యూసుఫ్ పఠాన్‌కు 5 నెలలు సస్పెన్షన్ పడింది దీనితోనే. జాతీయ స్థాయి క్రికెటర్లకే తప్పలేదు, మనమెంత. రెండోది బరువు తగ్గడానికి వేసుకునే 'నీరు దిగే మాత్ర', అంటే ఫ్యూరోసెమైడ్ లాంటివి. కబడ్డీ, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలకు బరువు తూచే ముందు రోజు ఎవడో ఒకడు దీన్ని చెవిలో ఊదుతాడు. పోటీ ఉన్నా లేకపోయినా ఇవి ఎప్పుడూ నిషిద్ధమే. షూటింగ్‌లో కాస్త వయసున్నవాళ్ళు కూడా ఆడతారు కదా, బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు దిగే మందు కలిసి ఉందేమో వాళ్ళు చూసుకోవాలి. అటెనలాల్ లాంటివైతే షూటింగ్‌కు, ఆర్చరీకి ప్రత్యేకంగా నిషేధం. మూడోది జిమ్‌లో అమ్మే పౌడరు డబ్బా. దాని గురించి కింద చెబుతాను.

నాలుగోది ఆర్‌ఎంపీ సూది. డెక్సామెథసోన్, ట్రయామ్సినలోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్లను పోటీ సమయంలో ఏ రూపంలో వేసుకున్నా నిషేధం. పోటీ సమయం అంటే గ్రౌండులో ఉన్నంతసేపు అనుకునేరు. ముందు రోజు రాత్రి 11:59కే మొదలవుతుంది. కండకు వేసిన డెక్సామెథసోన్ ఒంట్లోంచి పోవడానికి వాడా చెప్పే లెక్క 5 రోజులు. ట్రయామ్సినలోన్ అయితే 60 రోజులు! నొప్పికని కండకు వేసిన ఆ సూది మీద రెండు నెలలు కన్నేసి ఉంచాలన్నమాట. మా పిల్ల సూదికీ పోటీకీ మధ్య రెండు రోజులే.

మరి జబ్బొస్తే చావాలా అని మా పిల్ల తండ్రి అడిగాడు. అక్కర్లేదు. చికిత్స కోసం తప్పనిసరైన మందుకు ముందే అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, టీయూఈ అంటారు. జాతీయ స్థాయి వాళ్ళు నాడాకు, అంతర్జాతీయ స్థాయి వాళ్ళు తమ అంతర్జాతీయ సమాఖ్యకు పెట్టుకోవాలి. పోటీ సమయంలో మాత్రమే నిషేధం ఉన్న మందును పోటీకి ముందు నిజంగా జబ్బు కోసమే వాడి ఉంటే, టెస్టు అయ్యాక కూడా టీయూఈకి దరఖాస్తు చేయొచ్చు. ఈ సంగతి చాలామంది కోచ్‌లకు తెలియదు, నాకూ తెలియదు. తెలిశాక పరుగెత్తాను. వాళ్ళు అడిగింది రిజిస్టర్డ్ డాక్టరు రాసిన చీటీ, పరీక్షల రిపోర్టు, ఏ కారణంతో ఆ మందే ఇచ్చారన్న వివరణ. మా ఆర్‌ఎంపీని సంతకం అడిగితే చేతులు జోడించాడు. "సార్, నేను సూది వేశానని రాసిస్తే నా కొట్టు మూతపడుతుంది" అన్నాడు. ఆయన భయం ఆయనది. మా దరఖాస్తు తిరిగొచ్చింది.

కాబట్టి నా దగ్గర ఇప్పుడున్న పద్ధతి ఇది. మీట్‌కు నెల ముందు నుంచీ జ్వరమైనా సరే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికే. వెళ్ళగానే "నేను డోప్ టెస్టు ఇచ్చే ఆటగాడిని, ఈ మాట చీటీలో రాయండి" అని అడగాలి. చీటీ, మెడికల్ షాపు బిల్లు, మాత్రల షీటు వెనక బ్యాచ్ నంబరు, మూడూ ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపాలి. మందు పేరు నాడా వాళ్ళ 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో చూసి, ఆ స్క్రీన్ కూడా ఫోటో తీయాలి. చూసినట్టు రుజువు ఉండటమే రేపు మీ జాగ్రత్తకు సాక్ష్యం.

నిషేధిత మందుల జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది. షరపోవా కథ గుర్తుందా? ఆమె పదేళ్ళుగా వాడుతున్న మెల్డోనియంను 2016 జనవరి 1న జాబితాలో చేర్చారు. జాబితా మారిందని ఈమెయిల్ వచ్చింది, ఆమె ఆ లింకు తెరవలేదు. అదే నెలలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో దొరికింది. రెండేళ్ళ నిషేధం, అప్పీలులో 15 నెలలకు తగ్గింది. ఆమె చుట్టూ ఉన్న మంది ఎంతో మన పిల్లల చుట్టూ ఉన్నది ఎంతో ఆలోచించండి. జనవరి మొదటి వారంలో మా గ్రౌండులో కొత్త జాబితా ప్రింటు తీసి షెడ్డు గోడకు అంటిస్తాను.

పరీక్షకు పిలిచిన రోజు

పారిపోకండి, వద్దనకండి. అధికారి మీద అనుమానం ఉన్నా, కిట్టు పాతదిగా కనిపించినా, ముందు శాంపిల్ ఇచ్చి అభ్యంతరం ఫారంలో రాయండి.

చైనా ఈతగాడు సున్ యాంగ్ ఇంటికి 2018 సెప్టెంబరులో శాంపిల్ కోసం వచ్చారు. వచ్చినవాళ్ళ గుర్తింపు పత్రాలు సరిగా లేవన్నది అతని వాదన. అందులో కొంత పస ఉండి ఉండొచ్చు కూడా. కానీ రక్తం తీసిన సీసా ఉన్న పెట్టెను వాళ్ళ సెక్యూరిటీ గార్డు సుత్తితో పగలగొట్టాడు. 8 ఏళ్ళ నిషేధం పడింది. తీర్పు ఇచ్చిన ఆర్బిట్రేటర్ పక్షపాతంతో పెట్టిన పాత ట్వీట్ల వల్ల ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారించినా 4 ఏళ్ళ 3 నెలలు తప్పలేదు. సుత్తి బదులు పెన్ను వాడి ఉంటే ఏమయ్యేదో. మన కుస్తీ యోధుడు బజ్‌రంగ్ పునియా కూడా 2024 మార్చిలో సోనీపట్ ట్రయల్స్‌లో శాంపిల్ ఇవ్వలేదు. గడువు తీరిన కిట్ల గురించి అడిగితే నాడా జవాబు ఇవ్వలేదన్నది ఆయన మాట. ఆ నవంబరులో ప్యానెల్ వేసింది 4 ఏళ్ళు.

గదిలోకి మీతో ఒకరిని తీసుకెళ్ళే హక్కు మీకుంది. హిందీ, ఇంగ్లీషు రాకపోతే తెలుగు చెప్పేవాళ్ళను అడగొచ్చు. కప్పు, సీసాల పెట్టె మీరే ఎంచుకోవాలి. సీల్ చూసుకోండి, 'ఏ' సీసా మీద, 'బీ' సీసా మీద, ఫారం మీద నంబరు ఒకటేనా అని వేలు పెట్టి చూసుకోండి. కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. మా పిల్లలు కంగారులో లీటర్లకు లీటర్ల నీళ్ళు తాగేస్తారు, అప్పుడు మూత్రం మరీ పలచగా ఉందని మళ్ళీ ఇవ్వమంటారు. సాయంత్రం నాలుగింటికి పిలిస్తే రాత్రి తొమ్మిదికి బయటపడ్డ వాళ్ళున్నారు. మెల్లగా, సీల్ ఉన్న సీసా నీళ్ళే తాగండి.

ఇక ఆ మందుల గడి. అన్నీ రాయండి. పారాసిటమాల్, ఐరన్ మాత్ర, నొప్పికి రాసుకున్న స్ప్రే, పౌడరు పేరు, అమ్మమ్మ ఇచ్చిన లేహ్యం. రాసినంత మాత్రాన నిషేధిత మందు మంచిది అయిపోదు, నిజమే. కానీ దాచలేదన్నదానికి టెస్టు రోజునే రాసిన కాగితం అది. తర్వాత మీరు ఎంత చెప్పినా అది దొరికాక చెప్పిన కథలాగే ఉంటుంది. మా పిల్ల విచారణలో ఒక డాక్టరు గారు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న నాకు ఇంకా నిద్ర పట్టనివ్వదు. "అంత మామూలు జ్వరం సూది అయితే ఫారంలో రాయలేదెందుకు?"

నోటీసు వచ్చాక

ఐదారు వారాలకు ఈమెయిల్ వస్తుంది. ఇక్కడ మా ఊరి చిక్కు ఒకటుంది. ఫారంలో ఈమెయిల్ రాసింది నెట్ సెంటరు కుర్రాడు పెట్టిచ్చినది, పాస్‌వర్డు అతనికే తెలుసు. అలా నోటీసు పదిహేను రోజులు చదవకుండా పడి ఉన్న కేసు నేను చూశాను. ఫోన్‌లో రోజూ తెరిచే ఈమెయిలే రాయండి.

నోటీసులో ఏ మందు దొరికిందో ఉంటుంది. మొదట చూడాల్సింది అది 'స్పెసిఫైడ్' జాబితాలో, అంటే వైద్యం కోసమో పొరపాటునో ఒంట్లోకి చేరే అవకాశం ఎక్కువున్న మందుల జాబితాలో ఉందా లేదా అన్నది. కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్ల లాంటివి అందులో ఉండవు. వాటికి 4 ఏళ్ళు మొదలు, కావాలని చేయలేదని మీరే రుజువు చేసుకుని 2కు దించుకోవాలి. వెంటనే ఆటకు సస్పెన్షన్ కూడా తప్పదు. దగ్గు మందు, డెక్సామెథసోన్ లాంటివి స్పెసిఫైడ్. వీటికి లెక్క 2 ఏళ్ళ దగ్గర మొదలవుతుంది, కావాలని చేశారని నాడాయే రుజువు చేయాలి, మీ నిర్లక్ష్యం తక్కువని తేలితే హెచ్చరికతో కూడా వదలొచ్చు. స్పెసిఫైడ్ అయితే సస్పెన్షన్ తప్పనిసరి కాదు, కానీ మీ అంతట మీరే ఒప్పుకుని ఆట ఆపేస్తే ఆ రోజులు తర్వాత శిక్షలోంచి తీసేస్తారు. మా పిల్ల చేత నేను సరిగ్గా చేయించిన పని ఇదొక్కటే.

మళ్ళీ పరీక్షించడానికి దాచి ఉంచిన 'బీ' సీసా తెరిపించాలా? అడిగే గడువు నోటీసులో ఉంటుంది, అది దాటితే వదులుకున్నట్టే లెక్క. తెరిచేటప్పుడు మీరు గానీ మీ మనిషి గానీ ల్యాబ్‌లో ఉండొచ్చు. నా మాట వినేట్టయితే, ఆ మందు మీ ఒంట్లోకి ఎలా వచ్చిందో మీకు తెలిసినప్పుడు దాని మీద డబ్బు, ఆశ రెండూ పెట్టకండి. అసలు ఏమీ అర్థం కానప్పుడు మాత్రం తెరిపించండి, ల్యాబ్ రికార్డుల కట్ట కూడా అడిగి తీసుకోండి.

తర్వాత అభియోగ పత్రం వస్తుంది. అందులో 4 ఏళ్ళు అని ఉంటే 20 రోజుల్లో తప్పు ఒప్పుకుని శిక్షకు అంగీకరిస్తే ఒక ఏడాది తగ్గుతుంది. నిజంగా చేసినవాడికి ఇది మంచి బేరం. చేయనివాడు భయపడి సంతకం పెడితే, ఇంకే కారణంతోనూ శిక్ష తగ్గించమని అడిగే దారి ఉండదు. ఆ 20 రోజుల్లో ఒక్కసారైనా లాయర్‌తో మాట్లాడండి.

ఎలా వచ్చిందో చూపించడం

విచారణ ప్యానెల్‌లో న్యాయం తెలిసినవాళ్ళు, డాక్టర్లు, ఆటలు తెలిసినవాళ్ళు ఉంటారు. "మా పిల్ల బంగారం సార్, సిగరెట్ వాసన కూడా పడదు" అని నేను మొదలుపెడితే వాళ్ళు మర్యాదగా విన్నారు, ఏమీ రాసుకోలేదు. వాళ్ళకు కావాల్సింది ఆ మందు ఒంట్లోకి వచ్చిన దారి. మీ వైపు తక్కెడ ముల్లు కాస్త మొగ్గితే చాలు, సందేహమే లేకుండా రుజువు చేయనక్కర్లేదు. కానీ ఆ మొగ్గు మాటలతో రాదు.

టెన్నిస్ ఆటగత్తె ఇగా స్వియాటెక్ శాంపిల్‌లో 2024లో ట్రైమెటజిడిన్ అనే నిషేధిత మందు దొరికింది. నిద్ర కోసం వాడిన మెలటోనిన్ మాత్రల్లో అది కలిసిందని ల్యాబ్ పరీక్షలతో చూపించింది, ఒక నెలతో బయటపడింది. ఇంకో టెన్నిస్ ఆటగత్తె సిమోనా హాలెప్‌కు మొదట 4 ఏళ్ళు వేశారు, సప్లిమెంటు కలుషితమైందని అప్పీలులో నమ్మాక 9 నెలలైంది. టెన్నిస్ ఆటగాడు సిన్నర్ కేసులో, ఫిజియో తన వేలి గాయానికి కొట్టుకున్న స్ప్రేలోని నిషేధిత మందు మసాజ్ చేసే చేతుల మీదుగా వచ్చిందని తేలింది, అయినా చివరికి 3 నెలలు ఒప్పుకోక తప్పలేదు. గాస్కే అనే ఫ్రెంచి ఆటగాడు నైట్‌క్లబ్‌లో ఒకమ్మాయి ముద్దు పెట్టుకోవడం వల్ల కొకైన్ వచ్చిందని చెప్పి నెగ్గాడు. మా పిల్లలకు ఇది చెబితే అందరూ ఇదే గుర్తు పెట్టుకున్నారు, డెక్సామెథసోన్ పేరు ఒక్కరికీ గుర్తులేదు.

మన కుస్తీ యోధుడు నర్సింగ్ యాదవ్ కేసు ఇంకో వైపు. తిండిలో ఎవరో కలిపారన్నాడు, నాడా నమ్మి వదిలింది. వాడా అప్పీలుకు వెళ్ళింది. రియో ఒలింపిక్స్‌లో బౌట్‌కు ముందు రోజు 4 ఏళ్ళ నిషేధం పడింది. కుట్ర నిజమే కావచ్చు, నిరూపించే వస్తువు ఉండాలి.

అందుకే పౌడరు డబ్బా సంగతి. కొనకపోతే ఉత్తమం, గుడ్డు, పల్లీలు, పెరుగు చాలు అని నేను అరుస్తూనే ఉంటాను. కొంటే మాత్రం బిల్లు ఉన్న చోట కొనండి, ఒకే బ్యాచ్‌వి రెండు డబ్బాలు కొని ఒకటి సీల్ తీయకుండా దాచండి. వాడిన డబ్బా అడుగున రెండు చెంచాలు మిగల్చండి. ఆరు వారాల తర్వాత నోటీసు వచ్చేసరికి ఖాళీ డబ్బా మీ అమ్మ ఉప్పు పోసుకుంటూ ఉంటుంది.

అప్పీలు, కోర్టు

జాతీయ స్థాయి వాళ్ళకు మన దగ్గరే అప్పీలు ప్యానెల్ ఉంది. అంతర్జాతీయ స్థాయి అయితే స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న క్యాస్, అంటే ఆటల తగాదాలు తీర్చే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కోర్టు. 2024లో వినేశ్ ఫోగట్ 100 గ్రాముల కేసు విన్నది ఈ క్యాసే. క్యాస్‌కు మామూలు గడువు ఆర్డరు అందినప్పటి నుంచి 21 రోజులు, మొదటి రుసుము 1,000 స్విస్ ఫ్రాంకులు. డబ్బు లేనివాళ్ళకు వాళ్ళ దగ్గరే న్యాయ సహాయం ఉంది, అడగాలి. అప్పీలు మీరు వేయకపోయినా వాడా వేయొచ్చు, నర్సింగ్‌కు జరిగింది అదే.

"హైకోర్టుకు పోదాం సార్" అన్నాడు మా పిల్ల మేనమామ. నేను అజారుద్దీన్ సంగతి చెప్పాను. అది డోపింగ్ కాదు, మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ. 2000 డిసెంబరులో బీసీసీఐ జీవితకాల నిషేధం వేస్తే, అది చెల్లదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో చెప్పింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. లాంగ్ జంప్ పిల్లకు పన్నెండేళ్ళు ఎక్కడివి? మేం అప్పీలు కూడా వేయలేదు.

నిషేధంలో ఉండగా

మా ఊళ్ళలో అందరూ పొరబడేది ఇక్కడే. సమాఖ్య గుర్తింపు ఉన్న ఏ సంఘం పెట్టే పోటీలోనూ దిగకూడదు, జిల్లా స్థాయిది అయినా సరే. దిగితే అసలు నిషేధం ఎన్ని నెలలో అంత మళ్ళీ కలుపుతారు. సంక్రాంతి టోర్నీ కదా అని ఎవరైనా పిలిస్తే ముందు ఎవరు పెడుతున్నారో అడగండి. జట్టుతో కలిసి ప్రాక్టీసూ కుదరదు. నిషేధం చివరి రెండు నెలలు గానీ, మొత్తం కాలంలో చివరి నాలుగో వంతు గానీ, ఏది తక్కువైతే అంతకాలం మాత్రం జట్టుతో ప్రాక్టీసుకు రానిస్తారు. అప్పటిదాకా ఒంటరిగా చేసుకోవాలి. ఆ మధ్యలోనూ టెస్టు చేయడానికి వాళ్ళు రావొచ్చు.

మా పిల్ల ఊరి చెరువు కట్ట మీద ఏడాది పాటు ఒక్కతే పరుగెత్తింది. నేను దూరంగా టీ కొట్టు దగ్గర నిలబడి చూసేవాణ్ణి, దగ్గరికి పోతే కోచింగ్ ఇస్తున్నానంటారేమోనని భయం. నిషేధం తీరాక మొదటి మీట్‌లో నాలుగో స్థానం వచ్చింది, మళ్ళీ టెస్టుకు పిలిచారు. నేను కూడా గదిలోకి వెళ్ళాను. ఫారం ముందు పెట్టగానే ఈసారి నా వైపు చూడలేదు. సంచిలోంచి నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకుని, చూసి రాయడం మొదలుపెట్టింది. గడి నిండిపోయింది. అధికారి నవ్వి, ఇంకో కాగితం ఇవ్వమంటావా అని అడిగాడు. ఇవ్వమంది.